పెర్ఫార్మెన్స్ విభాగం మూతపడ్డ బండి కొనాలా? అబార్త్ పుంటో, టియాగో జేటీపీల సంగతి

ముందు ప్రశ్న ఏమిటో క్లుప్తంగా. విజయవాడ పటమటలో ఉండే ఒకరు అడుగుతున్నారు: గుంటూరులో 2016 మోడల్ అబార్త్ పుంటో (ఫియట్ పుంటోకి, ఆ కంపెనీ వేగం బళ్ళ విభాగం అబార్త్ పేరుతో వచ్చిన టర్బో రకం) అమ్మకానికి ఉంది, 58 వేల కిలోమీటర్లు తిరిగింది. హైదరాబాద్ రిజిస్ట్రేషన్‌తో 2019 టాటా టియాగో జేటీపీ ఒకటి బెజవాడలోనే దొరుకుతోంది. రెండూ బడ్జెట్‌లోనే ఉన్నాయి. కానీ నిస్సాన్ నష్టాల గురించి, దాని వేగం బళ్ళ (పెర్ఫార్మెన్స్) విభాగం నిస్మో ఏమవుతుందోనన్న చర్చల గురించి చదివాక భయం పట్టుకుంది. అంత పెద్ద కంపెనీ విభాగానికే దిక్కు లేనప్పుడు, ఎప్పుడో ఎత్తేసిన విభాగాల బండి కొనడం తెలివైన పనేనా?

కొనొచ్చు. కాకపోతే విభాగం బతికుందా పోయిందా అన్న లెక్క పక్కన పెట్టి, ఆ ఇంజను ఇంకెన్ని మామూలు బళ్ళలో ఉందో లెక్కేయండి. రేపు గాస్కెట్ దొరకాలన్నా, సెన్సర్ దొరకాలన్నా ఆధారం అదే.

నిస్సాన్‌నే తీసుకోండి. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆ కంపెనీకి వచ్చిన నికర నష్టం సుమారు 67,000 కోట్ల యెన్లు. 2024 డిసెంబర్‌లో హోండాతో మొదలైన విలీనం మాటలు 2025 ఫిబ్రవరికల్లా చెడిపోయాయి. ఆ తర్వాత 20 వేల ఉద్యోగాల కోత, 17 ఫ్యాక్టరీలను 10కి తగ్గించే ప్లాను వచ్చాయి. 2025 ఆగస్టులో వాళ్ళ స్పోర్ట్స్ కారు జీటీ-ఆర్ ఆర్35 తయారీ ఆగింది. 18 ఏళ్ళలో తయారైనవి దాదాపు 48 వేలు. ఆ 3.8 లీటర్ల వీ6 ఇంజన్ని మొదటి నుంచి చివరిదాకా ఒకే పనివాడు చేత్తో బిగించేవాడు. అలాంటి ఇంజన్ని ఇంకే మామూలు నిస్సాన్‌లోనూ పెట్టుకోలేరు. మరోవైపు నిస్మో బ్యాడ్జి మాత్రం చిన్న కార్లకూ తగిలిస్తారు: స్ప్రింగులు, సీట్లు, బంపర్లు మార్చి, ట్యూనింగ్ సవరించి అమ్ముతారు. దానికయ్యే ఖర్చు తక్కువ, లాభం ఎక్కువ. 1984లో పుట్టిన నిస్మోని 2022లో ప్రత్యేక రకం కార్లు చేసే తమ ఇంకో సంస్థ ఆటెక్‌తో కలిపి ఒకే కంపెనీ చేసింది కూడా ఈ లెక్కతోనే అనిపిస్తుంది. కాబట్టి డబ్బు కరువైన కంపెనీలో ముందు కోత పడేది సొంత ఇంజను, సొంత ప్లాట్‌ఫారం (అడుగు చట్రం) ఉన్న బండికే. పేరుని అంత తొందరగా వదులుకోరు.

పేరు పోయినా మళ్ళీ వస్తుంది. మిత్సుబిషి 2010లో తన పెర్ఫార్మెన్స్ విభాగం రాలియార్ట్ వ్యాపారాన్ని దాదాపు కట్టేసి, 2021లో అదే పేరుని బయటికి తీసింది. ఫియట్, జీప్, డాడ్జ్‌ల మాతృసంస్థ స్టెల్లాంటిస్ 2021లో తన అమెరికా పెర్ఫార్మెన్స్ విభాగం ఎస్‌ఆర్‌టీని విడగొట్టి ఇంజనీర్లను వేరే బ్రాండ్లకు పంచేసి, 2025లో మళ్ళీ ఎస్‌ఆర్‌టీ అంటూ మొదలుపెట్టింది. వార్తలకి ఇవి బాగుంటాయి. పాత బండి పెట్టుకున్నవాడికి మాత్రం తిరిగొచ్చిన స్టిక్కర్ ఒక్క వాటర్ పంపు కూడా తెచ్చిపెట్టదు.

ఇప్పుడు మీ రెండు బళ్ళు.

జేటీపీ అంటే టాటా, కోయంబత్తూరు జయెం ఆటోమోటివ్స్ చెరి సగం పెట్టి నడిపిన జాయింట్ వెంచర్. 2018 అక్టోబర్‌లో టియాగో, టిగోర్ రెండూ వచ్చాయి. 1199 సీసీ మూడు సిలిండర్ల టర్బో పెట్రోలు, 114 పీఎస్, 150 ఎన్ఎం. బీఎస్6 పొగ నిబంధనలు వచ్చిన 2020లో దుకాణం కట్టేశారు. అయితే ఆ ఇంజను నెక్సాన్ టర్బో పెట్రోలు కుటుంబానిదే. బెజవాడ వీధుల్లో నెక్సాన్లకి కొదవ లేదు కాబట్టి ఫిల్టర్లు, ప్లగ్గులు, కాయిల్స్, సెన్సర్లు, ఇంజన్ మౌంటింగులు అడిగిన రోజునో మర్నాడో దొరుకుతాయి. దొరకనివి వేరే ఉన్నాయి: పైన స్కూప్ (గాలి తీసుకునే ఉబ్బు) ఉన్న బానెట్, పక్కన గాలి రంధ్రాలున్న ఫెండర్లు, ముందు బంపర్, 15 అంగుళాల అలాయ్‌లు, ఆ బండికే చేసిన స్ప్రింగులు, డ్యాంపర్లు, ఎగ్జాస్ట్. గేరు రేషియోలు కూడా దగ్గరకి జరిపినవి, అంచేత గేర్‌బాక్సు లోపలి పళ్ళు పోతే మామూలు టియాగోవి వేసి సరిపెట్టడం కుదరదు. ఈ బండిలో భయపడాల్సింది ఇంజన్ గురించి కాదు, ముందు వైపు గుద్దుడు గురించి. బానెట్ కిందా, ఫెండర్ బోల్టుల తలల మీదా రెంచి గీతలున్నాయేమో చూడండి. రంగు లేచిన బోల్టు కనపడితే ఆ ఫెండర్ ఒకసారి దిగిందన్నమాటే. అసలు జేటీపీ బానెట్ బదులు మామూలు టియాగో బానెట్‌కి ఫైబర్ స్కూప్ అంటించిన బండి కూడా అమ్మకానికి రావచ్చు. లోపలి వైపు రేకు కోసి ఉందా లేదా అని వేలు పెట్టి తడిమితే తెలిసిపోతుంది.

జేటీపీ గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు. మిగతా అంతా టాటా బండిని చూసినట్టే చూసుకోండి.

అబార్త్ సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి. 2015 అక్టోబర్‌లో 9.95 లక్షల ఎక్స్ షోరూం ధరకి వచ్చిన బండి ఇది. 1368 సీసీ టీ-జెట్ టర్బో, 145 బీహెచ్‌పీ, 212 ఎన్ఎం, అయిదు గేర్లు, నాలుగు చక్రాలకీ డిస్కులు. ఆ ధరలో అంత పికప్ అప్పట్లో ఇంకెవరూ ఇవ్వలేదు. 2019 నాటికి ఫియట్ కార్ల అమ్మకాలే మన దేశంలో ఆగిపోయాయి. సర్వీసు, స్పేర్ల బాధ్యత అదే గ్రూపులోని జీప్ నెట్‌వర్క్ మీద పడింది. యూరప్‌లో అబార్త్ ఇంకా ఉంది గానీ ఇప్పుడు అక్కడ అమ్ముతున్న 500ఈ, 600ఈ రెండూ కరెంటు బళ్ళే. అక్కడ రేపేం జరిగినా మీ టీ-జెట్‌కి ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు.

మీకు పనికొచ్చే చుట్టరికం ఇది. ఇంజను లీనియా టీ-జెట్, లీనియా 125ఎస్, అవెంచురా అబార్త్, అర్బన్ క్రాస్ అబార్త్‌లలో ఉంది. బయటి దేశాల్లో చిన్న అబార్త్ 500కి కూడా ఈ కుటుంబం ఇంజనే. కాబట్టి టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, గాస్కెట్లు, కాయిల్స్ ఇంకా తయారవుతున్నాయి, తెప్పించుకోవచ్చు. వెనక డిస్కుల సామాను లీనియా టీ-జెట్ వైపు వెతకండి. డోర్లు, అద్దాలు, హెడ్‌లైట్లు, ముందు సస్పెన్షన్ ఆర్మ్‌లు డీజిల్ పుంటో ఈవో పెట్టుకున్నవాళ్ళకీ కావాల్సినవే, కాబట్టి పాత సామాన్ల షాపుల్లో తగులుతాయి. టైర్లు 195/55 ఆర్16, అంటే ఐ20 సైజు, ఏ షాపులోనైనా ఉంటాయి. అబార్త్ గుర్తయిన తేలు బొమ్మ ఉన్న అలాయ్‌లు, కిందికి దించిన స్ప్రింగులు మాత్రం బంగారంలా దాచుకోవాల్సినవి. ఒక్క హెచ్చరిక: జీప్ కంపాస్ 1.4 పెట్రోలు కూడా 1368 సీసీయే కదా అని హెడ్డు సామాను దానిది తేవద్దు. దానిది మల్టీఎయిర్ హెడ్డు, వాల్వులు తెరిచే పద్ధతే వేరు.

ఆర్సీలో సీసీ చూసి మోసపోకండి. మామూలు పుంటో 1.4 కూడా 1368 సీసీయే, మామూలు టియాగో కూడా 1199 సీసీయే. తేలు స్టిక్కర్లు ఎవరైనా అంటించుకోవచ్చు. ఆర్సీలో మోడల్ పేరు దగ్గర అబార్త్ అని ఉండాలి, వెనక చక్రాలకి డిస్కులుండాలి, బానెట్ ఎత్తితే టర్బో పైపులు కనపడాలి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు రెండూ ఆర్సీతో సరిచూసుకోండి.

ఇక అసలు పరీక్ష. బండి చూడ్డానికి పొద్దున్నే వెళ్ళండి, ముందుగా స్టార్ట్ చేసి ఉంచొద్దని అమ్మేవాళ్ళకి చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. చల్లటి ఇంజను స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో టిక్కు టిక్కుమని చప్పుడు వచ్చి, వేడెక్కేకొద్దీ తగ్గిపోతే ఎగ్జాస్ట్ మానిఫోల్డు దగ్గర పగులు ఉందని అనుమానించాలి. ఇనుము వేడికి వ్యాకోచించి పగులు మూసుకుంటుంది, అందుకే చప్పుడు ఆగిపోతుంది. ఈ టర్బోల్లో మానిఫోల్డు, టర్బైన్ హౌసింగ్ ఒకే పోతగా వస్తాయి కాబట్టి పగిలితే బిల్లు టర్బో బిల్లే. ఆటోనగర్‌లో దీన్ని వెల్డింగ్ చేసి ఇస్తామంటారు. పోత ఇనుముకి వేసిన వెల్డింగు టర్బో వేడికి నిలవడం అరుదు.

తర్వాత ఫ్యాను. ఇంజను ఇంకా పూర్తిగా వేడెక్కకముందే ఏసీ వెయ్యండి. రేడియేటర్ ఫ్యాను తక్కువ స్పీడులో వెంటనే తిరగాలి. తిరక్కుండా ఊరుకుని, కాసేపటికి ఒక్కసారిగా హోరుమంటూ లేచిందంటే లో స్పీడు రెసిస్టర్ కాలిపోయింది. ఫియట్లకి ఇది మామూలు జబ్బు, చిన్న ఖర్చు. కానీ మన మే నెల ఎండలో బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఏసీ వేడిగాలి కొట్టేది దీనివల్లే. దీనికి కొందరు ఎలక్ట్రీషియన్లు ఫ్యానుకి "డైరెక్ట్" ఇచ్చేస్తారు. అప్పుడు ఫ్యాను ఎప్పుడూ హై స్పీడులోనే తిరిగి, వైరింగు వేడెక్కి కనెక్టర్లు కరిగిపోతాయి. అలా డైరెక్ట్ వైరు కనపడితే మిగతా కరెంటు పనులు కూడా అదే తరహాలో జరిగాయనుకుని ఇంకాస్త లోతుగా వెతకండి. ఉష్ణోగ్రత ముల్లు హైవే మీద బాగా కిందికి దిగిపోతుంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుంది, అది మార్చాలి.

బండి కంప్యూటర్ని చదివే ఓబీడీ డాంగిల్ ఒకటి తీసుకెళ్ళండి. ఫియట్లకి మల్టీఈసీయూస్కాన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, లాప్‌టాప్‌లో వేసుకుంటే ఇంజనుతో పాటు ఏబీఎస్, స్టీరింగు, బాడీ కంప్యూటర్ కూడా చదువుతుంది. ఎర్రర్లు ఏవీ లేవంటే సంతోషపడకండి, ముందు రోజే చెరిపేసి ఉండొచ్చు. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఇంజను పెట్రోలుని ఎంత సవరించుకుంటోందో చెప్పే అంకె) చూడండి. ప్లస్ 10 శాతం దాటితే గాలి ఎక్కడో లీకవుతోందని అనుమానించాలి. టర్బో ఇన్‌లెట్‌కి మూత బిగించి, పంచరు షాపు కంప్రెసర్‌తో 0.7 నుంచి 1 బార్ వరకే గాలి పెట్టి, గొట్టాల మీద సబ్బు నురగ చల్లితే లీకు ఉన్నచోట బుడగలొస్తాయి. అంతకంటే ఎక్కువ ఒత్తిడి పెడితే మంచి సీళ్ళు కూడా పోతాయి. యాక్సిలరేటర్ వదిలినప్పుడు టర్బో గాలిని పక్కకి మళ్ళించే డైవర్టర్ వాల్వు విప్పడం తేలిక: లోపలి ప్లంజరుని నొక్కి, వ్యాక్యూమ్ రంధ్రాన్ని వేలితో మూసి వదలండి. ప్లంజరు అక్కడే ఆగితే డయాఫ్రం బాగుంది, వెంటనే పైకి లేస్తే చిరిగింది. టర్బో పోయిందని చెప్పి పెద్ద బేరం పెట్టే చాలా కేసుల్లో పోయింది ఈ చిన్న వాల్వే.

కంప్రెషన్ పరీక్ష (సిలిండర్లలో ఒత్తిడి కొలవడం) అడగడానికి మొహమాటపడొద్దు. ఇంజను వేడిగా ఉన్నప్పుడు నాలుగు ప్లగ్గులూ తీసి, ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకి, కాయిల్ కనెక్టర్లు ఊడదీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఒక్కో సిలిండరుకి అయిదారు తిప్పులు తిప్పాలి. నాలుగు అంకెల మధ్య తేడా 10 శాతం దాటకూడదు. ఒకటి తక్కువ వస్తే ఆ సిలిండరులో ఒక చెంచా ఇంజనాయిల్ పోసి మళ్ళీ చూడండి. అంకె పెరిగితే రింగులు, పెరక్కపోతే వాల్వులు. రీమ్యాప్ చేసి (ఇంజను సాఫ్ట్‌వేర్ మార్చి) బూస్టు, అంటే టర్బో ఒత్తిడి, పెంచిన బండి అయితే ఈ పరీక్ష లేకుండా అసలు బేరమే మొదలుపెట్టొద్దు. అమ్మేముందు మళ్ళీ స్టాక్ మ్యాప్ వేసి అమ్మేవాళ్ళూ ఉంటారు. ఆ సంగతి ప్లగ్గుల పింగాణీ మీద నల్లటి సన్నని చుక్కలు, పగుళ్ళు చెబుతాయి. అది నాకింగు, అంటే పెట్రోలు అదుపు తప్పి మండడం, గుర్తు.

క్లచ్ కోసం నాలుగో గేరులో 2,000 ఆర్పీఎం దగ్గర యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. స్పీడు పెరక్కుండా ఆర్పీఎం ముల్లు మాత్రం లేస్తే క్లచ్ జారుతోంది. ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపే మార్చాలి. దీనికి మంగళగిరి వైపు హైవేయే మేలు, ఊళ్ళో వద్దు.

ఇప్పుడు బెల్టు. టీ-జెట్‌ది టైమింగ్ బెల్టు, హెడ్డు 16 వాల్వులది. బెల్టు తెగితే పిస్టన్లు వాల్వులకి తగిలి అవి వంగుతాయి, హెడ్డు దించక తప్పదు. 58 వేలే తిరిగింది కదా అనకండి. రబ్బరు వయసుతో కూడా పాడవుతుంది, అయిదేళ్ళు దాటితే మార్చడమే. 2016 బండికి ఇప్పటికే ఒకసారి మారి ఉండాలి. బిల్లు చూపించమనండి, మాట నమ్మొద్దు. మార్చేటప్పుడు బెల్టు, టెన్షనర్, వాటర్ పంపు ఒకేసారి. ఇక్కడే మన ఆటోనగర్ మేస్త్రీల బలం, బలహీనత రెండూ బయటపడతాయి. హెడ్డు ఫేసింగు, వాల్వు గ్రైండింగు, విరిగిన స్టడ్ బయటికి లాగడం, లేత్ పని... వీటిలో జవహర్ ఆటోనగర్‌ని మించింది చుట్టుపక్కల లేదు. కానీ బెల్టు వేసేటప్పుడు పెయింటు గుర్తులు పెట్టుకుని వేసేస్తామంటే ఒప్పుకోకండి. క్యామ్‌షాఫ్టులు రెండిటినీ లాకింగ్ టూల్స్‌తో బిగించాకే పని చెయ్యాలి. ఆ టూల్ సెట్టు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, మీరే కొని మేస్త్రీ చేతికివ్వండి. పని అయ్యాక సాఫ్ట్‌వేర్‌తో ఫోనిక్ వీల్ రీలెర్న్ చెయ్యాలి, అంటే ఇంజను తిరిగే స్థానాన్ని కంప్యూటర్‌కి మళ్ళీ నేర్పాలి. అది చెయ్యకపోతే ఇంజను బాగానే తిరుగుతూ చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంటుంది, మేస్త్రీ పాపం సెన్సర్లన్నీ మారుస్తూ పోతాడు.

మన ఊరికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటుంది. 2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో సింగ్‌నగర్, పాయకాపురం వైపు బళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అవి ఇన్సూరెన్స్ వేలాల్లోంచి బాగుచేసుకుని మళ్ళీ మార్కెట్లోకి వస్తాయి. జేటీపీ హైదరాబాద్ నంబరు అయినా తిరిగింది ఇక్కడే అయితే వదలకండి. సీటు బెల్టుని చివరిదాకా లాగితే ఆ ఆఖరి మూరలో బురద గీత కనపడుతుంది, కడిగేవాడు అంతదాకా లాగడు. స్పేరు చక్రం గుంత, కార్పెట్ కింద ఫోము, సీటు పట్టాల స్ప్రింగులు, ఫ్యూజు బాక్సు పిన్నుల మీద పచ్చటి చిలుము చూడండి. డాష్‌బోర్డు కింద బాడీ కంప్యూటర్ తడిసిన పుంటోని ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. దానికి కొత్తది పెట్టి తాళాలతో, మిగతా మాడ్యూల్స్‌తో కలపడం ఇక్కడ జరిగే పని కాదు. తాళాలంటే గుర్తొచ్చింది, రెండు తాళాలతో పాటు తాళాల కోడ్ ఉండే ఫియట్ కోడ్ కార్డు కూడా అడగండి. లేకపోతే ఆ మేరకు ధర తగ్గించండి.

పెట్రోలు గురించి. రెండూ ఈ20కి (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకి) చేసిన బళ్ళు కావు. రోజూ తోలే బండికి వెంటనే ప్రమాదమేమీ లేదు. మైలేజీ కాస్త తగ్గుతుంది, పాత రబ్బరు గొట్టాలు, ఓరింగులు ముందు గట్టిపడతాయి. వారాల తరబడి కదలని బండికి ఇథనాల్ తేమ పీల్చుకోవడం వల్ల ఇబ్బంది ఎక్కువ. ఫ్యూయల్ రైలు దగ్గర పెట్రోలు వాసన వస్తే అదే రోజు చూపించండి. టర్బోకి 95 ఆక్టేన్ మంచిదే, ముఖ్యంగా ఏప్రిల్, మేలలో. ఇంజనాయిల్ 5డబ్ల్యూ-40 ఫుల్లీ సింథటిక్, 7,500 కిలోమీటర్లకో ఏడాదికో ఏది ముందైతే అది. గుంటూరు నుంచి వంద స్పీడులో వచ్చి వెంటనే కట్టేయకుండా ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచండి, లేకపోతే టర్బో బేరింగులో ఆయిల్ మాడి గట్టిపడుతుంది.

రెండిటిలో ఏది? రోజూ ఆఫీసుకి ఇదే బండి, ఇంట్లో ఇంకో కారు లేదు అంటే జేటీపీ. ఏదైనా భాగం కోసం పది పదిహేను రోజులు బండి ఆగినా పర్లేదు, కొన్న ధర మీద ఇంకో లక్ష విడిగా ఉంచుకోగలరు అంటే అబార్త్. స్టీరింగు బరువు, హైవే మీద నిలకడ, 2,000 ఆర్పీఎం దాటాక వచ్చే ఆ తోపు జేటీపీలో లేవు. రెండూ ఒకే జాతి బళ్ళని చెప్పేవాళ్ళు రెండిట్లోనూ సరిగ్గా కూర్చోలేదని నా అనుమానం. అబార్త్ తక్కువ ఎత్తు బండి కాబట్టి మీ వీధి స్పీడు బ్రేకర్లు మాత్రం ఒకసారి చూసుకోండి, కింద గీసుకునే అవకాశం ఉంది.

కాగితాల దగ్గర తేడా ఉంది. గుంటూరు బండి మన రాష్ట్రానిదే కాబట్టి ఫారం 29, 30తో పేరు మారుతుంది. లోను ఉంటే బ్యాంకు సంతకంతో ఫారం 35 కావాలి. హైదరాబాద్ బండికైతే అక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 ఎన్ఓసీ తెచ్చి, బండి వయసుని బట్టి ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి కొత్త నంబరు తీసుకోవాలి. ఆ ట్యాక్స్ ఎంతో ముందే కనుక్కుని ధరలో కలిపి లెక్కేసుకోండి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. రెండు రాష్ట్రాల చలాన్లూ ఎన్ఓసీకి ముందే అమ్మేవాళ్ళ చేత కట్టించండి. రీమ్యాప్, వేరే ఎగ్జాస్ట్ లాంటివి ఉంటే ఇన్సూరెన్స్ వాళ్ళకి రాతపూర్వకంగా చెప్పండి, చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర అదే సాకు. పేరు మారిన 14 రోజుల్లోపు పాలసీ కూడా మీ పేరుకి మార్పించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ అమ్మినవాళ్ళదే, అది మీకు రాదు కాబట్టి ప్రీమియం ఎంతవుతుందో అడ్వాన్సు ఇవ్వకముందే అడగండి.